యువజనుల పఠనాభ్యాసము – పానాభ్యాసము

మా పాఠశాల వార్షిక సంచిక వెలువడునప్పుడెల్ల తలిదండ్రులతో నాలుగు మాటలు చెప్పుకొనుట మాకు పరిపాటి. వెనుకటి సంచికలలో హాజరును గూర్చియు, చేతివ్రాతను గూర్చియు వ్రాసియుంటిమి. ఈ పర్యాయము రెండు అలవాట్లను గూర్చి వ్రాయదలచితిమి. ఒకటి పుస్తకము పట్టు అలవాటు; రెండవది సీసా పట్టు అలవాటు. ఈ రెంటికిని సంబంధమేమని మీరు అడుగవచ్చును. సంబంధము కలదని మేము చాలకాలము నమ్మితిమి. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో ఈ యేడు పరీక్షించి చూచుకొనవలసి వచ్చినది.

ఈ యేటి తలిదండ్రుల సమావేశమున దాదాపు అందరిదియు ఒకే ఫిర్యాదు. "పాఠాల పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టడు సారూ. చేతిల ఎప్పుడూ ఫోనే" అని. సభ ముగిసి అందరును వెడలిన పిమ్మట, తొమ్మిదవ తరగతి బాలుని తల్లి ఒకామె తలుపు చెంత నిలిచి మెల్లగా ఇట్లనెను: "సారూ, మొన్న పెండ్లి నుంచి వచ్చినప్పుడు మావోని నోట్ల వాసనొచ్చింది. వాళ్ళ నాయినను అడుగుమంటే అడుగుతలేడు. ఆయన ఎట్ల అడుగుతడు సారూ?"

మాకు వెంటనే బదులు తోచలేదు. "వానిచేత మంచి పుస్తకములు చదివింపుడమ్మా, ఆ వైపు పోడు" అని చెప్పి పంపితిమి. ముప్పది యేండ్లుగా ఎందరికో మేము చెప్పిన మాటయే అది.

ఇంటికి పోవు దారిలో ఆ మాట మాకే గ్రుచ్చుకొన్నది. ఏలనన, మా గ్రంథాలయమున ఉన్న పుస్తకములన్నియు చదివి ముగించిన విద్యార్థి ఒకడు పూర్వము మాయొద్ద ఉండెను. వక్తృత్వ పోటీలలో బహుమతులన్నియు వానివే. తల్లి బీడీలు చుట్టి వానిని చదివించెను. పెద్ద నగరమున మంచి ఉద్యోగము దొరకెను. నలుబది యేండ్లు నిండకమున్నే త్రాగుడు వలన ఆ ఉద్యోగమును, ఆరోగ్యమును పోగొట్టుకొని తల్లియొద్దకే తిరిగి వచ్చెను. వానిని గూర్చి మేమెన్నడును భయపడలేదు. చదువరి గదా అని నిశ్చింతగా ఉంటిమి. ఆ నిశ్చింతకు ఆధారమేమి? ఈ విషయమున పరిశోధకులు కనుగొన్నదేమి? దొరికినంత చదివి, తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

ఒక వారమున పుట్టిన శిశువులు

ఈ రెండు అలవాట్లను ఒకే జనసమూహమున పరిశీలించిన పరిశోధన బ్రిటనులో జరిగినది. 1970 ఏప్రిల్ 5వ తేదీ మొదలు 11వ తేదీ వరకు, అనగా ఒకే వారములో, ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో పుట్టిన సుమారు 17,000 మంది శిశువులను అచ్చటి పరిశోధకులు లెక్కలోనికి తీసికొనిరి. అంతటితో వారిని విడిచిపెట్టలేదు. 5, 10, 16 ఏండ్ల వయస్సులందును, పెద్దవారైన తరువాత 26, 30, 42 మున్నగు వయస్సులందును మరల మరల పలుకరించి, వారి చదువు, ఉద్యోగము, ఆరోగ్యము, అలవాట్లు వ్రాసికొనుచు వచ్చిరి. ఆనాటి శిశువులు నేడు ఏబది దాటిన పెద్దలు. అనగా ఇంచుమించు మా యీడువారే.

ఇట్టి పరిశోధనకు ఒక ప్రత్యేకమైన విలువ కలదు. పెద్దవానిని పిలిచి "చిన్ననాడు ఎన్ని పుస్తకములు చదివితివి?" అని అడిగినచో జ్ఞాపకము మోసగించును. ఇచ్చట పదేండ్ల నాటి జవాబు పదేండ్లనాడే కాగితముపైకి ఎక్కినది. ఇబ్బందులును లేకపోలేదు. 1986లో ఆ పిల్లలకు 16 ఏండ్లు వచ్చినప్పుడు ఉపాధ్యాయుల ఆందోళన సాగుచుండుటచే చాల బడులలో పరీక్షలు జరుగలేదు. అందుచే ఆ వయస్సునాటి లెక్కలు అందరివియు లభింపలేదు.

లండను నగరమందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అను సంస్థకు చెందిన ఆలిస్ సలివన్, మాట్ బ్రౌన్ అను పరిశోధకులు, వీరిలో సుమారు 6,000 మంది లెక్కలను తీసికొని, 2013లో తమ ఫలితములను వెల్లడించిరి. బడివారు చదువుమన్నది కాక, తమ ఇష్టముచే పుస్తకములు చదువు పిల్లలు 10వ యేటికిని 16వ యేటికిని నడుమ ఎంత ముందుకు పోయిరి అనునదే వారి ప్రశ్న. ఇట్టి పరిశోధనలో ఒక చిక్కు కలదు. చదువుకొన్న తలిదండ్రుల ఇంట పుస్తకములును ఎక్కువ, మార్కులును ఎక్కువ. మార్కులకు కారణము పుస్తకమా, ఇల్లా? ఈ చిక్కును విప్పుటకు, ఒకే విధమైన కుటుంబములనుండి వచ్చి, 5వ యేటను 10వ యేటను ఒకే స్థాయి మార్కులు పొందిన పిల్లలను పరస్పరము పోల్చి చూచిరి.

అట్లు చూచినను తేడా నిలిచినది. ఇష్టముగా చదువువారు పదసంపదలో 14.4 శాతము, గణితమున 9.9 శాతము, వర్ణక్రమమున 8.6 శాతము ముందంజలో నుండిరి. తరచుగా పుస్తకములు చదువుట, క్రమముగా గ్రంథాలయమునకు పోవుట, వార్తాపత్రిక చదువుట అను మూడును కలిసి ఇచ్చిన మేలు, పట్టభద్రుడైన తండ్రియో తల్లియో ఉండుటవలన కలుగు మేలుకంటె నాలుగు రెట్లు ఎక్కువగా ఉండెను. కథలు చదివినచో లెక్కలెట్లు వచ్చునని మీరు ఆశ్చర్యపడవచ్చును. గణితమును కూడ మాటలతోనే బోధింతుము గదా! కొత్త మాటకు జంకని పిల్లవాడు కొత్త సంగతికిని జంకడని పరిశోధకులు కారణము చెప్పుచున్నారు.

ఈ మేలు బాల్యముతో ముగియలేదు. 42 ఏండ్ల వయస్సున వారికి పదజ్ఞాన పరీక్ష పెట్టగా, పదేండ్లనాడు క్రమముగా చదువుకొన్నవారికి సగటున 67 శాతము మార్కులును, అరుదుగా చదివినవారికి 51 శాతమును వచ్చినవి.

మన సంఘమున పట్టభద్రులైన తలిదండ్రులు తక్కువ. మరమగ్గము నడుపువారు, బీడీలు చుట్టువారు ఎక్కువ. "మాకే చదువు రాలేదు, మా పిల్లలకెట్లు వచ్చును?" అని మాతో అనని తండ్రి లేడు. ఈ లెక్కలు అట్టివారికి ధైర్యము చెప్పుచున్నవి.

అదే సమూహము, రెండవ అలవాటు

ఇక రెండవ సంగతి. ఈ సమూహమువారినే 30 ఏండ్ల వయస్సున మద్యపానమును గూర్చి ప్రశ్నించిరి. డేవిడ్ బాటీ అను పరిశోధకుడును ఆయన సహచరులును 8,000కు పైబడినవారి జవాబులను, వారు పదేండ్లనాడు వ్రాసిన బుద్ధిపరీక్షల మార్కులతో పోల్చి, 2008లో ప్రకటించిరి. త్రాగుడు హద్దు మీరినదా లేదా అని తెలిసికొనుటకు వైద్యులు వాడుకొను నాలుగు ప్రశ్నలు కలవు. త్రాగుడు తగ్గించుకొనవలెనని మీకెప్పుడైన తోచినదా? ఇతరులు ఆక్షేపించినప్పుడు చిరాకు కలిగినదా? త్రాగినందుకు తప్పు చేసితినని లోలోన బాధపడితిరా? తెల్లవారి లేచిన వెంటనే స్తిమితపడుటకు త్రాగితిరా? వీనిలో రెంటికి ఔనని బదులు వచ్చినచో వైద్యుడు శ్రద్ధగా విచారించును. చదువుచున్న పెద్దలు తమకు తామును ఈ ప్రశ్నలు వేసికొనవచ్చును.

ఫలితము మా అంచనాకు వ్యతిరేకముగా ఉన్నది. పదేండ్లనాడు బుద్ధిపరీక్షలలో ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవారే ముప్పదియవ యేట ఎక్కువగా త్రాగుచుండిరి. త్రాగుడు చిక్కులును వారిలోనే ఎక్కువ. ఈ తేడా స్త్రీలలో మరింత స్పష్టముగా కనిపించెను.

ఇచ్చట తొందరపడరాదు. బుద్ధిపరీక్ష వేరు, చదువు అలవాటు వేరు. చదువువారు త్రాగుబోతులగుదురని ఎవ్వరును చెప్పలేదు. అచ్చటి ఆచారములు వేరు. మంచి ఉద్యోగము, మంచి జీతము గలవారి విందులలో మద్యము అచ్చట మామూలు. మన దేశమున 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 ఏండ్లు పైబడిన పురుషులలో దాదాపు 19 శాతము మంది త్రాగుచున్నారు; బడిచదువు తక్కువైనవారిలోనే ఇది ఎక్కువ. కాని ఒక్క సంగతి మాత్రము తేలినది. తెలివి త్రాగుడునకు అడ్డుగోడ కాదు. ఒక్కొక్క సమాజమున, ఒక్కొక్క కొలువున ఏది మర్యాదగా చెల్లునో, తెలివిగలవాడును దానినే నేర్చుకొనును. మా పూర్వవిద్యార్థి నగరమున పొందిన సహవాసము ఎట్టిదో మేమెన్నడును విచారింపలేదు. వాని పుస్తకములను మాత్రమే చూచితిమి.

కావున పుస్తకము త్రాగుడునకు మందు అను మాటను మేము ఉపసంహరించుకొనుచున్నాము. పుస్తకము మేలు పుస్తకముదే. అది గొప్ప మేలు. త్రాగుడు దారి వేరు. ఆ దారి ఎచ్చట మొదలగునో చూడవలెను.

మొదటి గుక్క

అమెరికాలో ప్రభుత్వపు మద్యపాన పరిశోధన సంస్థకు చెందిన గ్రాంట్, డాసన్ అను పరిశోధకులు 1997లో ఒక ముఖ్యమైన లెక్క ప్రకటించిరి. 15 ఏండ్లు నిండకమున్నే త్రాగుట మొదలిడినవారిలో 40 శాతమునకు పైగా, జీవితమున ఎప్పుడో ఒకప్పుడు, త్రాగుడునకు బానిసలైరి. 20 ఏండ్లు వచ్చిన పిదప మొదలిడినవారిలో ఇట్టివారు సుమారు 10 శాతము మాత్రమే. ఒక్కొక్క యేడు ఆలస్యమైనకొలది అపాయము 14 శాతము తగ్గుచు వచ్చినది. చిన్ననాడే మొదలిడినవారికి ఇంటి కష్టములు మొదలైన ఇతర కారణములును ఉండవచ్చును. కావున వయస్సు ఒక్కటే కారణమని తీర్మానింపరాదు. ఐనను ఇంత తేడాను తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

ఆ మొదటి గుక్క ఇచ్చినదెవరు? చాల ఇండ్లలో ఇంటివారే. దీనినిగూర్చి మనము మొగమాటము లేక మాటలాడుకొనవలెను. మన పెద్దలు తెలంగాణపు పల్లెలనుండి ఈ షోలాపూరునకు నేతపని కొరకు వచ్చినప్పుడు ఆచారములను కూడ వెంటతెచ్చుకొనిరి. పండుగకును, పెండ్లికిని, చావు దినమునకును కల్లు ఉండవలెననుట మన కొన్ని కుటుంబములలో నేటికిని కలదు. "కల్లు చలువ చేస్తది, పిల్లలకేం కాదు" అని ఒక గుక్క త్రాగించు అమ్మమ్మలను మేమెరుగుదుము. "బయట దొంగచాటుగ తాగే కంటె మా కండ్ల ముందట తాగితే నయం కదా" అను తండ్రులనును ఎరుగుదుము. ఇది దురుద్దేశముతో చేయు పని కాదు, ప్రేమతోనే చేయుదురు.

ఈ రెండవ మాటను ఆస్ట్రేలియాలో పరీక్షించి చూచిరి. సుమారు 1,900 మంది పిల్లలను, వారి తలిదండ్రులను పిల్లల 12, 13 ఏండ్ల వయస్సునుండి ఆరేండ్లపాటు వెంబడించి 2018లో ఫలితము ప్రకటించిరి. తలిదండ్రులు ఇంటనే కొంచెము ఇచ్చుటవలన పిల్లలకు ఏ రక్షణయు కలుగలేదు. అట్లు ఇచ్చిన ఇండ్ల పిల్లలు, ఎవ్వరును ఇయ్యని పిల్లలకంటె, అతిగా త్రాగుటకును చిక్కులలో పడుటకును ఎక్కువగా లోనైరి. అంతేకాదు, ఇంట దొరికినవారు బయట కూడ సంపాదించుకొనుట ఎక్కువాయెను. ఇంటి గుక్క బయటి గుక్కకు బదులు కాలేదు. దానికి మెట్టు ఐనది. ఆవు చేనిలో మేసినచో దూడ గట్టున మేయునా అని మన పెద్దలు ఊరక అనలేదు.

సాయంకాలము ఎవరి చేతిలో ఉన్నది?

మరి మాన్పించుట సాధ్యమా? సాధ్యమే అనుటకు ఐస్‌లాండు అను చిన్న ద్వీపదేశము సాక్ష్యము. అచ్చటి జనసంఖ్య నాలుగు లక్షల లోపు. 1998లో అచ్చటి 15, 16 ఏండ్ల పిల్లలలో 42 శాతము, అడిగిన నాటికి వెనుకటి నెలలో మత్తెక్కునట్లు త్రాగియుండిరి. 2016 నాటికి అది 5 శాతమునకు దిగినది. వారు చేసినదేమి? ఏటేటను బడులలో పిల్లలను పేరు వ్రాయనక్కరలేకుండ ప్రశ్నించి, ఏ బడి ఫలితము ఆ బడి తలిదండ్రుల ముందు త్వరగా పెట్టిరి. 13 మొదలు 16 ఏండ్ల పిల్లలు శీతకాలమున రాత్రి 10 గంటల తరువాతను, వేసవిలో అర్ధరాత్రి తరువాతను బయట తిరుగరాదని చట్టము చేసిరి. ఆటలకును, సంగీతమునకును, ఇతర కళలకును ప్రభుత్వమే ధనసహాయము చేసెను. తలిదండ్రులు తమలో తాము ఒడంబడికలు చేసికొని సంతకములు పెట్టిరి.

దాని ఫలితముగా, పనిదినములలో తరచుగా తలిదండ్రులతో గడుపు పిల్లలు 1997లో 23 శాతము ఉండగా 2012లో 46 శాతమైరి. వారమునకు నాలుగు పర్యాయములైనను క్రమముగా ఆటలాడువారు 24 నుండి 42 శాతమైరి. ఇది అంతయు ఒక్క కారణమువలననే జరిగినదని చెప్పరాదు. కాని ఆ పెద్దలు పిల్లలకు నీతులు చెప్పుటకంటె, పిల్లల సాయంకాలమును తమ చేతిలోనికి తీసికొనుట మేలని తలచిరి అనుట స్పష్టము.

హాలండులో చేసిన మరియొక ప్రయోగము మా వృత్తికి సంబంధించినది. 2009లో ప్రకటితమైన ఆ ప్రయోగమున కొన్ని బడులలో పిల్లలకు మాత్రము పాఠములు చెప్పిరి. కొన్ని బడులలో తలిదండ్రులను మాత్రము పిలిచి, ఇంట గట్టి నియమము పెట్టుడని కోరిరి. మరికొన్నింట రెండును చేసిరి. పిల్లల పాఠములు ఒంటరిగా పనిచేయలేదు. తలిదండ్రుల సభలును ఒంటరిగా పనిచేయలేదు. రెండును కలిసినచోటనే త్రాగుట తగ్గినది. బడి ఒక్కటే చేయలేదు, ఇల్లు ఒక్కటే చేయలేదు అనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

మన పిల్లలు

మన దేశపు లెక్కలు రెండు చెప్పి ముగించెదము. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నడిపిన సర్వేను 2019లో ప్రకటించిరి. దాని ప్రకారము 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో మద్యము త్రాగుచున్నవారు 1.3 శాతము, అనగా నూటికి ఇద్దరైనను లేరు. ఇది సంతోషింపదగిన మాట. మన పిల్లలలో అత్యధికులు ఇంకను గట్టుమీదనే ఉన్నారు. వారిని గట్టుమీదనే నిలుపుకొనుట, పడినవానిని లాగుటకంటె సులభము.

చదువు లెక్క అంత సంతోషకరముగా లేదు. 2023లో ప్రథమ్ సంస్థవారు 26 రాష్ట్రములలోని 28 గ్రామీణ జిల్లాలలో 14 మొదలు 18 ఏండ్ల వయస్సు గల 34,000 మందికి పైగా పిల్లలను పరీక్షించిరి. వారిలో సుమారు నాలుగవ వంతు తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి పాఠమును తడబడక చదువలేకపోయిరి. వీరిలో అత్యధికులు బడికో కళాశాలకో పేరు నమోదైనవారే. తడబడుచు చదువువానికి పుస్తకమున ఇష్టమెట్లు పుట్టును?

మన పిల్లలకు మరియొక ఇబ్బంది కలదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, ఉద్యోగమునకు ఇంగ్లీషు. మీలో అనేకులు తెలుగు మాటలాడుదురే కాని తెలుగు లిపి చదువలేరు. దానికి సిగ్గుపడవలదు. పిల్లవాడు ఏ భాషలో ఇష్టముగా చదివినను మంచిదే. మరాఠీ కథల పుస్తకము చేతపట్టినను ఆనందింపుడు. కాని తెలుగు అక్షరము మన బడిలో తప్ప ఈ ఊరిలో వానికి ఎదురుపడు చోట్లు కొద్ది. కావున దానికి మాత్రము మీ తోడు కావలెను.

మా విన్నపము

మొదటి విన్నపము తల్లులకు. కేరళలో కణ్ణూరు ప్రాంతపు బీడీ కార్మికులలో ఒక మంచి ఆచారముండెను. ఒకడు పత్రికను బిగ్గరగా చదువుచుండగా తక్కినవారు బీడీలు చుట్టుచు వినుచుండిరి. చదివినవాని వంతు బీడీలను తామే చుట్టియిచ్చిరి. మీరును సాయంకాలము చేట ఒడిలో పెట్టుకొని కూర్చుండినప్పుడు, పిల్లలచే అరగంటసేపు ఒక తెలుగు కథ బిగ్గరగా చదివించుకొనుడు. మీకు లిపి రాకున్నను చెవి కలదు. తడబడినచో "మళ్ళీ చదువు బిడ్డా" అనుటకు చదువు అక్కరలేదు. ఆ అరగంట వాని చదువునకు మేలు. వాని సాయంకాలము మీ కన్నుల యెదుట గడచుట మరియొక మేలు.

రెండవ విన్నపము తండ్రులకు. పెండ్లియందు గాని పండుగయందు గాని పిల్లలకు ఒక గుక్కయైనను ఇయ్యవలదు, ఇయ్యనీయవలదు. సీసా తెమ్మని పిల్లవానిని దుకాణమునకు పంపవలదు. "నేనే త్రాగుదును, వానినెట్లు అడుగుదును?" అని ఊరకుండవలదు. అప్పు చేసినవాడు కొడుకుతో అప్పు చేయకురా అని చెప్పడా? చెప్పినప్పుడు ఆ మాట ఎక్కువ బరువుగానే ఉండును.

మూడవది మా వంతు. ఈ యేడు మొదలు ప్రతి శనివారము గ్రంథాలయమును సాయంకాలము 6 గంటల వరకు తెరచియుంచెదము. తలిదండ్రులకును పుస్తకములు ఇంటికి ఇచ్చెదము. ఎనిమిది, తొమ్మిది తరగతులలో త్రాగుడును గూర్చి పాఠము చెప్పు వారముననే మిమ్మును కూడ పిలిచెదము. దయచేసి రండు.

ఆ తల్లిని మేము మరల పిలిపించితిమి. "అమ్మా, మొన్న చెప్పిన సలహా చాలదు, పుస్తకము ఇత్తుము, కాని ఆయనను కూడ తీసికొని రావలెను" అని చెప్పితిమి. ఒక ఉదయమున రాత్రిపాళీ ముగించుకొని, తలపై నూలు దుమ్ముతోనే ఆయన వచ్చెను. పై సంగతులన్నియు చెప్పితిమి. చాలసేపు నేలచూపు చూచుచు కూర్చుండి, "అడుగుత సారూ" అని లేచెను. ఇంటికి పోయి కొడుకుతో ఏమనెనో మేము విచారింపలేదు. అది వారిరువురి మాట. అట్టి మాట ప్రతి యింటను ఒక్కసారియైనను జరుగవలెనని మాత్రమే మా కోరిక.